వంతు చొక్కా

నా కుడి కనుబొమ్మ మధ్యలో వెంట్రుకలు మొలవని గీత ఒకటి ఉంది. చిన్నప్పుడు ఎక్కడైనా పడ్డారా అని అడిగేవాళ్లకు అవునని చెప్పేస్తాను, అంతటితో గొడవ వదిలిపోతుంది. నిజానికి అది ఏలూరులో నేను ఆరేళ్లు పనిచేసిన ఉద్యోగాల ఏజెన్సీ ఓనరు గారు విసిరిన గాజు పేపర్‌వెయిటు పెట్టిన గీత. రాజీనామా కాగితం ఆయన బల్ల మీద పెట్టి నేనింకా చెయ్యి వెనక్కి తీసుకోలేదు, అది వచ్చి తగిలింది. లోపల నీలం పువ్వున్న పేపర్‌వెయిటు. ఆ రోజు పొద్దున దాన్ని తుడిచి పెట్టింది కూడా నేనే.

కంట్లోకి రక్తం కారుతుంటే ఆయన లేచి నిలబడి, గొంతు ఏమాత్రం పెంచకుండా ఒక మాట అన్నారు.

"నా క్యాండిడేట్ ఒక్కడు నీ వెనకాల వచ్చినా కాళ్లు విరగ్గొట్టిస్తానమ్మా. వాడివి కాదు, నీవి."

మా వైపు బెదిరింపులు కూడా మర్యాదగానే ఉంటాయి. నేను చీర కొంగు నుదుటికి అదుముకుని మెట్లు దిగి, తాడేపల్లిగూడెం బస్సెక్కాను. కండక్టరు నా మొహం చూసి టిక్కెట్టు అడగడం మర్చిపోయాడు. గూడెంలో దిగాక కుట్లు వేయించుకుంటే అయిదు పడ్డాయి.

ఆ ఏజెన్సీ పని ఏమిటో చెప్పాలి. పదో తరగతి పాసై ఊళ్లో ఖాళీగా ఉన్నవాళ్లను పోగేసి ఫ్యాక్టరీలకూ, సెక్యూరిటీ కంపెనీలకూ, హాస్టళ్లకూ పంపేవాళ్లం. ఉంగుటూరు నుంచి, కామవరపుకోట నుంచి, ఏ బస్సు దిగి ఎవరొచ్చినా ముందు నా బల్ల దగ్గరికే వచ్చేవారు. నేను బయోడేటా రాసి, ఫోటో అంటించి, ఒరిజినల్ సర్టిఫికెట్ తీసుకుని ఓనరు గారి గదిలో ఇనప బీరువాలో పెట్టేదాన్ని. కాగితం బీరువాలో ఉన్నంతకాలం మనిషి మన చేతిలో ఉంటాడని ఆయన నమ్మకం. నమ్మకం నిజమే. తిండి బాగోకపోయినా, సూపర్వైజరు చెంప పగలగొట్టినా, ఆ కాగితం కోసం ఏడాదిపాటు పళ్లబిగువున ఉండేవారు. ఉండలేక పారిపోయి వచ్చినవాళ్లను ఓనరు గారు లోపలికి పిలిచి, తలుపు వేసి కొట్టేవారు. ఆ తలుపు ఇవతల నా బల్ల. దెబ్బల చప్పుడు వినపడుతుంటే నేను కంప్యూటరు మీటలు ఇంకాస్త గట్టిగా నొక్కేదాన్ని. ఆరేళ్లు అలా నొక్కాను. ఈ మాట దాచిపెడితే మిగతాదంతా చెప్పే మొహం నాకు ఉండదు.

నేను మానేయడానికి కారణం కామవరపుకోట వైపు నుంచి వచ్చిన ఒకతను. కానిస్టేబులు సెలెక్షన్‌కు పిలుపు వచ్చింది, పదో తరగతి ఒరిజినల్ ఇప్పించండి అని మూడు రోజులు మా వరండాలో కూర్చున్నాడు. నాలుగో రోజు ఓనరు గారు అతన్ని లోపలికి పిలిచి, బీరువా తీసి, కాగితం బయటికి తీసి, అతను చూస్తుండగా నాలుగు ముక్కలు చేసి అతని చొక్కా జేబులోనే పెట్టి, జేబు మీద రెండుసార్లు తట్టి పంపారు. అతను ఏడవలేదు, తిట్టలేదు. నా బల్ల దగ్గరికి వచ్చి, ముక్కలు నాలుగూ జాగ్రత్తగా పక్కపక్కన పేర్చి అడిగాడు.

"గమ్ము ఉందాండీ?"

ఫోటోలు అంటించే గమ్ము సీసా నా ముందే ఉంది. ఇద్దరం కలిసి అంటించాం. అతని పేరు మధ్యలోంచి చిరిగిపోయి, అక్షరాలు ఎంత సర్దినా కలవలేదు. ఆ రోజు ఇంటికి వెళ్లి రాజీనామా రాశాను. కోపంతో రాస్తూ మూడు కాగితాలు పాడుచేశాను.

కోపం మా ఇంటి ఆస్తి. మా నాన్నగారు మిషన్ స్కూల్లో మాస్టారు. ఆదివారం చర్చిలో ఆయన ప్రార్థన చేస్తుంటే ఊరంతా కళ్లు తుడుచుకునేది, సోమవారం క్లాసులో ఆయన బెత్తం కింద ఊరి పిల్లలంతా కళ్లు తుడుచుకునేవారు. ఆయన పొలమూ ఇవ్వలేదు, బంగారమూ ఇవ్వలేదు, ఆ చెయ్యి మాత్రం నాకు ఇచ్చి వెళ్లారు. అందుకే సొంతంగా మొదలుపెట్టే ముందు మా ఆయనతో రెండు మాటలు చెప్పాను. ఎవరి ఒరిజినలూ తీసుకోను, ఎవరి మీదా చెయ్యెత్తను. ఆయన పెంటపాడు రైసు మిల్లులో గుమాస్తా, నోట్లో నాలుక లేని మనిషి. మొదటి మాటకు తలూపారు. రెండో మాటకు వంటింట్లో సొట్ట పడిన స్టీలు బిందె వైపు చూశారు.

గూడెంలో స్టేషను రోడ్డులో, ఒక సాయిబు గారి సైకిలు షాపు పైన గది అద్దెకు తీసుకున్నాను. ఒక బల్ల, మూడు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక ఫోను, మెట్ల దగ్గర రేకు బోర్డు. ఏలూరులో నా బల్ల ముందు కూర్చున్నవాళ్లు ఎవరూ రాలేదు. ఎలా వస్తారు, వాళ్ల కాగితాలన్నీ ఆ బీరువాలోనే ఉన్నాయి. రెండు నెలలు సైకిలు షాపులో ట్యూబులు పేలే చప్పుడు వింటూ కూర్చున్నాను. అప్పుడు కాకినాడ అవతల సముద్రం ఒడ్డున ఉన్న రొయ్యల ఫ్యాక్టరీ నుంచి పిలుపు వచ్చింది. ఐసు విభాగంలో పన్నెండు మంది మగవాళ్లు కావాలి. నీళ్లకూ చలికీ నీచు వాసనకూ అలవాటైనవాళ్లు కావాలి. వాళ్లు ఏడాది నిలబడితే తర్వాత వంద మందిని కూడా మీరే పంపండి అన్నారు. నా వ్యాపారం మొత్తం ఆ పన్నెండు మంది మీద నిలబడింది.

అది రెండువేల ఆరు వేసవి. ప్రభుత్వం కొల్లేట్లో చేపల చెరువుల గట్లు కొట్టిస్తోంది. సరస్సులో ఇక చెరువులు ఉండకూడదని పైనుంచి తీర్పు. నీచు వాసనకు అలవాటై, చేతిలో పని పోయిన మగవాళ్లు ఎక్కడ దొరుకుతారో చెప్పడానికి నాకు ఎవరి సలహా అక్కర్లేకపోయింది. బయోడేటా ఫారాల కట్ట సంచిలో పెట్టుకుని ఏలూరు నుంచి ఆటోలో వెళ్లి, రోడ్డు ఆగిపోయిన చోట దోనె ఎక్కాను.

ఆ రోజు నేను చూసింది యుద్ధం లాంటిదే. మట్టి తవ్వే ప్రొక్లెయిన్లు గట్ల మీదికెక్కి, తాము నిలబడిన గట్టునే తవ్వుకుంటూ వెనక్కి పోతున్నాయి. వాటికి లొంగని పెద్ద గట్లకు మందు పెట్టి పేలుస్తున్నారు. పేలినప్పుడు బురద తాటిచెట్టంత ఎత్తు లేచి, చేపలతో సహా కింద పడుతోంది. గండి పడిన చెరువులోంచి నీళ్లు ఒక్కసారిగా పోతుంటే శీలావతులు, బొచ్చెలు బురదలో ఎగిరెగిరి కొట్టుకుంటున్నాయి. ఆడవాళ్లు మోకాళ్ల లోతు బురదలో పడి చేపలు ఏరుతూ, ఏరిన చేపనే ఎత్తి మిషను అద్దం మీదికి విసురుతున్నారు. ఒకావిడ మిషను ముందు పడుకుంటే నలుగురు లాగి గట్టు కిందికి దొర్లించారు. ఆవిడ జుట్టంతా బురద, నోట్లో బురద, అయినా తిట్టడం ఆపలేదు. ఆ కేకల మధ్యలోంచి నేను బయోడేటాలు పట్టుకుని వెళ్లాను. అప్పుడు నాకు సిగ్గనిపించలేదు, ఇప్పుడు అనిపిస్తోంది.

అది కొల్లేటి నడుమ ఒక లంక ఊరు. అక్కడ ఏదైనా పెద్దల కట్టు ప్రకారమే జరుగుతుంది. చెరువు ఊరందరిదీ, అందులో ఇంటికో వాటా. కాపలా కాయాలన్నా, దోనెల దారి బాగుచేయాలన్నా ఇంటికో మనిషి, వంతుల వారీగా. ఊరి పెద్దాయన బక్కగా ఉండే, కాస్త వినికిడి తక్కువ మనిషి. చావిడి అరుగు మీద కూర్చోబెట్టి, నా మాటంతా విని, ఎన్ని పోస్టులండీ అని ఒక్కటే అడిగారు. పన్నెండు అన్నాను. ఆ సాయంత్రమే డప్పు కొట్టించి చాటింపు వేయించారు. చీట్లు తీసి పన్నెండు ఇళ్లు ఎంచారు. ఒరిజినల్స్ వద్దు, జిరాక్సులు చాలు అని నేను చెబితే పెద్దాయన నన్ను వింతగా చూసి, ఊరు మాటిచ్చాక కాగితాలెందుకండీ అన్నారు. ఆ మాటకు నేను ఎంత మురిసిపోయానో చెప్పలేను.

పన్నెండు మందికీ ఫ్యాక్టరీవాళ్లు ఫోటో ఉన్న కార్డులు, తెల్ల చొక్కాలు ఇచ్చారు. చొక్కా జేబు మీద నీలం దారంతో రొయ్య బొమ్మ. పది రోజులు ట్రైనింగు ఇచ్చి, ఐసు దిమ్మలను ముళ్ల డ్రమ్ము తిరిగే మిషన్లోకి ఎలా తొయ్యాలో, చెయ్యి ఎక్కడ ఆపాలో నేర్పారు. నాలుగు నెలలు ఒక్క ఫిర్యాదు రాలేదు. ఒక్కరోజు కూడా ఒక్కడూ మానలేదని, ఇలాంటివాళ్లను ఎక్కడ పట్టారండీ అని మేనేజరు స్వయంగా ఫోను చేసి మెచ్చుకున్నాడు. నేను ఫోను పెట్టేసి, సైకిలు షాపు సాయిబు గారికి కూడా వినపడేలా నవ్వాను.

అయిదో నెలలో ఒక పొద్దున మళ్లీ అదే మేనేజరు ఫోను చేశాడు. మీవాడొకడు ఐసు మిషన్లో చెయ్యి పెట్టాడు, వెంటనే రండి అన్నాడు. ఆ వెంటనే, అసలు మీవాడో కాదో వచ్చి చెప్పండి అన్నాడు. నాకు రెండో మాట అర్థం కాలేదు. దొరికిన బస్సెక్కి మధ్యాహ్నానికి అక్కడ దిగాను.

ఫ్యాక్టరీ గేటు దగ్గర మిగతా పదకొండు మందినీ ఎండలో వరుసగా నిలబెట్టారు. ఒక్కొక్కడి మెడలో కార్డు. సూపర్వైజరు కార్డు ఎత్తి పట్టుకుని ఫోటోనూ మొహాన్నీ చూస్తున్నాడు. కలవకపోతే పక్కన ఉన్న సెక్యూరిటీవాడు బెల్టు తిప్పి కొడుతున్నాడు. బెల్టు బిళ్ల తగిలిన చోట తెల్ల చొక్కా మీద ఎర్రగా మరకలు. ఏడుగురి మొహాలు కలవలేదు. ఆ ఏడుగురూ నేను ఎప్పుడూ చూడనివాళ్లు. వాళ్లు మాత్రం నన్ను గుర్తుపట్టి, దెబ్బలు తింటూనే నమస్కారం పెట్టారు. నేను ఆపమని అరిచాను. అరిచింది వాళ్ల మీద జాలితోనా, నా కాంట్రాక్టు కళ్లముందు చిరిగిపోతోందనా అంటే, రెండోదే ముందు.

మేనేజరు గదిలోకి వెళితే అక్కడ టీ తాగుతూ మా ఏలూరు ఓనరు గారు కూర్చుని ఉన్నారు. కొత్తవాళ్లను పంపడానికి ఆయన్ను అప్పటికే పిలిచేశారన్నమాట. నా కనుబొమ్మ వంక చూసి, మానిపోయిందే అన్నట్టు తలూపారు.

"బీరువా ఉంటే ఇలా జరిగేది కాదమ్మా."

మేనేజరు ఒక తెల్ల కాగితం నా ముందుకు తోశాడు. దెబ్బ తగిలినవాడి దగ్గర దొరికిన కార్డు ఇంకొకడిది. కాబట్టి ఫ్యాక్టరీ లెక్కలో వాడు దొంగతనంగా లోపలికి వచ్చినవాడు. ఇతనెవరో నాకు తెలియదు అని నేను రాసిస్తే చాలు. వాడి మీద కేసు పెట్టుకుంటారు, ఆసుపత్రి ఖర్చు వాళ్లకు ఉండదు, నా కాంట్రాక్టు నాకే ఉంటుంది. రాయకపోతే కాంట్రాక్టు ఆ టీ తాగుతున్న పెద్దమనిషిది. ఒకసారి మనిషిని చూసొచ్చి రాస్తానని చెప్పి బయటికి వచ్చాను. నిజం చెప్పాలంటే, రాసేద్దామనే ఆసుపత్రికి వెళ్లాను.

వార్డులో అతను సొమ్మసిల్లి ఉన్నాడు. ఇరవై ఆరేళ్లు ఉంటాయేమో. కుడి చెయ్యి మణికట్టు దాకా లేదు, గుడ్డల మూట మాత్రం ఉంది. మంచం కింద ఒక గోనెసంచిలో రక్తంతో తడిసిన తెల్ల చొక్కా. కుడి చెయ్యిని బయటికి తీయడానికి ఆసుపత్రివాళ్లు ఆ వైపు చొక్కా చేతిని భుజం దగ్గర కత్తిరించేశారు. మంచం పక్కన నేల మీద అతని భార్య కూర్చుని ఉంది. నన్ను చూసి లేవబోయి, లేవలేక మళ్లీ కూర్చుంది.

వరండాలో నేను వెతుకుతున్నవాడు దొరికాడు. దెబ్బ తగిలినవాడి దగ్గర దొరికిన కార్డు మీద ఫోటో ఉన్నవాడు, చీటీలో మొదట పేరు వచ్చినవాడు, ఫ్యాక్టరీలో ట్రైనింగు తీసుకున్నవాడు. సంగతి తెలిసి ఊరి నుంచి పరుగున వచ్చాడట. నువ్వు ఇక్కడుండాల్సినవాడివి ఊళ్లో ఏం చేస్తున్నావని అడిగాను. అతను చేతులు కట్టుకుని, దాచాల్సిందేదీ లేనట్టు చెప్పాడు.

"మా వంతు అయిపోయిందండి."

ఊరికి వచ్చిన పని ఊరందరిదీ కదా. చెరువు కాపలా లాగే దానికీ వంతులు వేసుకున్నారు. ప్రతి అమావాస్యకూ ఒక్కో చొక్కాలోంచి ఒకడు దిగిపోతాడు, తర్వాతి ఇంటివాడు ఎక్కుతాడు. దిగేవాడు చొక్కా ఉతికి, మడతపెట్టి, జేబులో కార్డు పెట్టి ఎక్కేవాడికి అందిస్తాడు. మిషను ఎలా తొయ్యాలో కూడా ఒకరికొకరు గేటు బయట చెప్పుకుంటారు. కొందరు మాత్రం వంతు అయిపోయినా దిగకుండా అలాగే ఉండిపోయారు కాబట్టి నాలుగు మొహాలైనా కలిశాయి. కార్డు మీది పేరు మనిషిదని వాళ్లలో ఒక్కరికీ తోచలేదు. అది పనికి పెట్టిన పేరనుకున్నారు. చెయ్యి పోయినవాడు ఎక్కి తొమ్మిది రోజులే అయింది. చెయ్యి ఎక్కడ ఆపాలో ఇతను చెప్పాడట, మూడు నోళ్లు మారి వెళ్లేసరికి ఆ మాట ఎక్కడో జారిపోయింది.

ఆ తర్వాత నేను చేసింది నేనే చేశాను. ఎవరి మీదికీ తోసేది కాదు. అతని చెంప మీద కొట్టాను. ఒకటి కాదు. రెండో దెబ్బకు అతని తల గోడకు తగిలింది, మూడో దెబ్బకు పెదవి చిట్లింది. కొడుతుంటే నాకు హాయిగా ఉంది. మా నాన్నగారి చెయ్యి నా భుజంలోంచి దిగివచ్చినట్టు, ఇన్నాళ్లూ అది ఎక్కడుందో వెతుక్కుంటున్నట్టు అనిపించింది. నర్సు వచ్చి నా జబ్బ పట్టుకుని లాగేదాకా ఆపలేదు. వరండాలో ఉన్న రోగులందరూ మంచాల మీదినుంచి లేచి చూస్తున్నారు. అతను చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. కట్టుకున్న చేతులు కట్టుకున్నట్టే ఉన్నాయి. పెదవి మీది రక్తం భుజానికి తుడుచుకుని అన్నాడు.

"ఇంకా కొట్టండి, పర్లేదండి. మావాణ్ణి తెలీదని మాత్రం రాయకండి."

ఫ్యాక్టరీ గేటు దగ్గర ఎవరో అనగా విని, ఆ కాగితం సంగతి వాళ్లకు అప్పటికే తెలుసు. నేను ఏం రాయబోతున్నానో కూడా ఊహించారు. నేను ఆ వరండాలో గోడకు చేరబడి కింద కూర్చున్నాను. అరచెయ్యి మంటపుడుతోంది. ఏలూరులో ఆ తలుపు అవతల ఓనరు గారి చెయ్యి కూడా ఇలాగే మంటపుట్టి ఉంటుందని తోచి లేచి నిలబడ్డాను.

ఫ్యాక్టరీకి తిరిగి వెళ్లి, మేనేజరు ఇచ్చిన కాగితం మీదే రాశాను. ఈ మనిషిని నేను పంపాను, ఆ రోజు ఆ పనిలో ఉండాల్సింది ఇతనే, కార్డు మార్చకపోవడం నా తప్పు. సంతకం పెట్టి, ఒక జిరాక్సు తీయించి నా సంచిలో పెట్టుకున్నాను. మేనేజరు చదివి, మీకు మతి పోయిందా అన్నాడు. మా ఓనరు గారు టీ గ్లాసు కింద పెట్టి నవ్వారు. అరగంటలో పదకొండు మందినీ పెట్టెలతో సహా గేటు బయటికి నెట్టారు. నన్ను మెట్ల మీదినుంచి తోసిన సెక్యూరిటీవాడు ఇందాకటి బెల్టువాడే. మోకాలు చితికింది. అయినా ఆ కాగితం పని చేసింది. చెయ్యి పోయినవాణ్ణి దొంగ అనడానికి వాళ్లకు దారి లేకుండా పోయింది. గొణుక్కుంటూనే వైద్యం చేయించారు, తర్వాత లేబరు ఆఫీసు చుట్టూ ఏడాది తిరిగితే ఇవ్వాల్సింది ఇచ్చారు.

పది రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం ఇద్దరు గూడెంలో నా గదికి వచ్చారు. పేరు అడిగి, నేనేనని తేల్చుకుని, కుర్చీలు మూడూ గోడకేసి కొట్టారు. బల్ల తిరగేశారు. ఒకడు నా జుట్టు పట్టుకుంటే నేను వాడి మణికట్టు కొరికాను. సైకిలు షాపు సాయిబు గారు గొలుసు పట్టుకుని మెట్లెక్కి రాకపోతే ఏమయ్యేదో. ఆ పెద్ద వయసులో ఆయన ఆ గొలుసు తిప్పిన తీరు చూసి ఇద్దరూ దిగి పరుగెత్తారు. పోతూ పోతూ కింద నా బోర్డు పీకి కాలవలో పడేశారు. ఎవరు పంపారో వాళ్లు చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆ వారంలోనే లంక ఊరి పెద్దాయన వచ్చారు. విరిగిన కుర్చీలు చూసి నేల మీద కూర్చున్నారు. పెదవి చిట్లినవాడు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. కృతజ్ఞతలు చెప్పడానికి వచ్చారనుకున్నాను. కాదు.

"మావాడి మీద చెయ్యి చేసుకున్నారండి మీరు. ఊరి ముందుకొచ్చి చెప్పాలండి."

నా ఒళ్లు మండిపోయింది. మీ వంతుల వల్ల నా పని పోయింది, పరువు పోయింది, ఇదిగో నా కుర్చీలు చూడండి, ఇంకా నన్నే పంచాయతీకి పిలుస్తారా అని, వినికిడి తక్కువ మనిషికి కూడా అక్షరం పోకుండా వినపడేలా అరిచాను. ఆయన అంతా విని, అదీ ఊరి ముందే చెప్పండమ్మా అన్నారు. చెప్పి తీరాలనే కసితోనే వెళ్లాను.

గట్లు తెగిన చెరువుల్లోకి కొల్లేటి నీళ్లు తిరిగి వచ్చేశాయి. కిక్కిస గడ్డి మధ్య గట్ల మొండాలు అక్కడక్కడా తేలి ఉన్నాయి. చావిడి ముందు ఇంటికొకరు చొప్పున ఊరంతా కూర్చుంది. చెయ్యి పోయినవాడు భార్య పక్కన, మూటను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నేను చెప్పాల్సిందంతా చెప్పాను. వంతులు నా దగ్గర దాచడం మీ తప్పన్నాను. దాచలేదండి, మీరు అడగలేదండి అని ఎవరో అంటే పెద్దాయన వాళ్లను కసిరి, తప్పే అని ఊరి తరఫున ఒప్పుకున్నారు. చివరికి నేను కొట్టిన సంగతి వచ్చింది. కొట్టాను, కొట్టకూడదు, అని మాత్రం అన్నాను. పెద్దలు నలుగురూ కాసేపు తలలు దగ్గర పెట్టుకున్నాక పెద్దాయన తీర్పు చెప్పారు.

"పరాయివాళ్లు కొడితే మేం పట్టించుకోమండి, పోతారు. మిమ్మల్ని మనవాళ్లలో వేసుకున్నాం కాబట్టే పిలిచాం. మిషన్లో దెబ్బ తిన్న మావాడి ఇంట్లో పనిచేసే మనిషికి చెయ్యి లేదు. ఏడాదిపాటు ఆ ఇంటి వంతు మీదండి."

ఏం వంతు అని అడిగాను. కొట్టేసిన గట్ల మట్టి దోనెల దారికి అడ్డం పడింది, రేపు పొద్దున ఇంటికో మనిషి దిగి తవ్వాలి అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కాదని దోనెక్కి వచ్చేయవచ్చు, నన్ను ఆపేవాళ్లు ఎవరూ లేరు. చెయ్యి పోయినవాడి భార్య నన్నే చూస్తోంది. వస్తానన్నాను.

నా వ్యాపారం తర్వాత నిలబడింది. ఆ ఊరి పద్ధతినే కంపెనీలకు ముందుగా చెప్పి, ఒక్కో పోస్టుకు ముగ్గురి పేర్లు, మూడు ఫోటోలు, ముగ్గురికీ ట్రైనింగు అని అడిగేదాన్ని. చాలామంది ఫోను పెట్టేసేవారు. ఒప్పుకున్న కొద్దిమందికి మాత్రం ఏనాడూ మనిషి తక్కువ కాలేదు. ఎవరైనా క్యాండిడేటు చెప్పకుండా పని మానేసి వస్తే ఇప్పటికీ నా చెయ్యి లేస్తుంది. అలా లేచిన ప్రతిసారీ నాకు ఆ మర్నాటి పొద్దు గుర్తొస్తుంది.

పొద్దున్నే దోనెల దారి దగ్గరికి వెళ్లాను. ఊరివాళ్లు అప్పటికే నడుము లోతు బురదలో ఉన్నారు. చీర పాడవుతుందండి, పైన ఏదైనా వేసుకోండి అంటూ నేను కొట్టినవాడు ఒడ్డెక్కి వచ్చి, మడతపెట్టిన తెల్ల చొక్కా ఒకటి నా చేతిలో పెట్టాడు. ఉతికి ఉంది. జేబు మీద నీలం రొయ్య బొమ్మ. వంతు దిగినవాళ్లు ఎక్కేవాళ్లకు చొక్కా అందించినట్టే అందించాడు, అందులో ఎత్తిపొడుపు లేదు. విప్పి చూస్తే కుడి వైపు చెయ్యి లేదు. దాని స్థానంలో ఆకుపచ్చ గళ్ల లుంగీ గుడ్డతో వేరే చెయ్యి కత్తిరించి కుట్టి ఉంది. కుట్టు వంకరగా పోయింది, ఏడుస్తూ కుట్టినట్టు. ఎవరు కుట్టారో అడగనక్కర్లేదు, ఆవిడ అరుగు మీద కూర్చుని మొగుడికి గంజి తాగిస్తూ నా వైపు చూస్తోంది.

చొక్కా తొడుక్కున్నాను. ముందు ఎడమ చెయ్యి పెట్టాను. తర్వాత కుడి చెయ్యి ఆ గళ్ల గుడ్డలోంచి బయటికి తోస్తే, వేళ్లు అయిదూ సక్రమంగా వచ్చాయి. నేను కొట్టినవాడు ఆ చేతికి పార అందించాడు.